నదుల పాఠం చెప్పే ముందు

అమ్మడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. క్లాసులో ముప్పై ఇద్దరు పిల్లలు. చూపు లేని బాబు ఒకడు, చెవి మిషన్ పెట్టుకునే పాప ఒకతి, ఆరో తరగతికొచ్చినా కూడబలుక్కుని చదివేవాళ్లు నలుగురైదుగురు, ఇంట్లో కోయ మాట్లాడుకునే పిల్లలు ముగ్గురు. "ఇందరికీ ఒకే పాఠం ఎలా చెప్పను అత్తయ్యా, టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఆ టెన్షన్ పడే టీచరే వాళ్లకి కావాలి.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. నేను బోర్డు వైపు తిరగ్గానే పక్కపిల్ల నోట్సులోకి తొంగి చూసేది. కాపీ కొడుతోందని రెండుసార్లు నిలబెట్టాను. ఆ పిల్లకి సరిగ్గా వినబడదనీ, నా పెదాలు చూసి మాట పట్టుకుంటోందనీ వాళ్లమ్మ వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు. నేను వీపు తిప్పిన ప్రతిసారీ ఆ పిల్లకి పాఠం ఆగిపోయేది. దాన్ని అందుకోవడానికి పక్క నోట్సు చూస్తే, నేను శిక్ష వేశాను. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

అందుకే నీకు చెబుతున్నాను. రాసేటప్పుడు రాయి, తర్వాత ఇటు తిరిగి మాట్లాడు. కిటికీకి వీపు పెట్టి నిలబడకు. వెలుతురు వెనక ఉంటే నీ ముఖం ఆ పాపకి నల్లగా కనిపిస్తుంది. రాసిన ప్రతి మాటా పైకి చదువు, అది చూపు లేని బాబు కోసం. "ఇదిగో ఇక్కడ, అదిగో అక్కడ" అనే మాటలు మానెయ్. "పటంలో పడమర వైపు, నాసిక్ దగ్గర" అని చెప్పు. ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర సుద్దముక్క వాడకు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, దాదాపు ప్రతి బళ్లోనూ ఉంటారు. ఆ సంగతి వాళ్లకే తెలియదు.

ఇవన్నీ చిన్నవే. అసలు సంగతి పాఠం తయారు చేసుకోవడంలో ఉంది. మనం బాగా చదివే పిల్లని మనసులో పెట్టుకుని పాఠం రాస్తాం. ఆ తర్వాత ఆ బాబుకి ఏం చేయాలి, ఈ పాపకి ఏం చేయాలి అని అతుకులు వేస్తాం. అతుకు వేసిన పాఠంలో ఆ పిల్లలు ఎప్పుడూ అతుకులాగే ఉంటారు. నోట్స్ మీద మొదటి గీత గీసేటప్పుడే ఆ ముప్పై ఇద్దరినీ లెక్కలో వేసుకో.

వచ్చే వారం నదులు చెప్పాలన్నావుగా, దాన్నే తీసుకో. పెద్ద అట్ట మీద పటం గీసి, గోదావరికి పురికొస, కృష్ణకి ఉన్ని దారం ఫెవికాల్‌తో అంటించు. ఊళ్లకి చింతగింజలు, సముద్రానికి ఇసుక, పడమటి కనుమలకి కాగితపు గుజ్జు. ఒక రాత్రంతా ఆరనివ్వాలి, లేకపోతే వేలి కింద దారం కదిలిపోతుంది. గోదావరి పుట్టే త్ర్యంబకం దగ్గర మొదలుపెట్టి బాసర, భద్రాచలం, ధవళేశ్వరం మీదుగా వేలు జరపమను. ఆ బాబు ఒక్కడి చేతే కాదు, క్లాసంతా కళ్లు మూసుకుని చేయాలి. ఒకసారి నా క్లాసులో ఒక పిల్లవాడి వేలు ధవళేశ్వరం దగ్గర ఆగింది. "టీచర్, ఇక్కడ తాడు చీలిపోయింది" అన్నాడు. గౌతమి, వసిష్ఠ పాయల మాట అక్కడినుంచే మొదలైంది. పుస్తకంలో ఆ పటాన్ని రోజూ చూస్తున్న పిల్లలెవరూ అప్పటిదాకా దాన్ని గమనించలేదు.

తర్వాత మూడు దారాలు కత్తిరించు. 20 కిలోమీటర్లకి ఒక సెంటీమీటరు అనుకుంటే 1465 కిలోమీటర్ల గోదావరికి 73, 1400 కిలోమీటర్ల కృష్ణకి 70, 597 కిలోమీటర్ల పెన్నకి 30 సెంటీమీటర్లు. పక్కపక్కన పెట్టి తడిమితే చదవడం రాని పిల్లకీ ఏది పొడవో తెలిసిపోతుంది.

కోయ పిల్లల్ని మీ ఇంట్లో నీళ్లని ఏమంటారని అడుగు. "ఏర్" అంటారు. మన "ఏరు" దానికి చుట్టమే. ఆ మాట బోర్డు మీద రాసి క్లాసుచేత పలికించు. తమ భాష బోర్డెక్కిన రోజు వాళ్లు ఎంత గట్టిగా మాట్లాడతారో నువ్వే చూస్తావు.

ప్రశ్న అడిగాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి అప్పుడు పిలువు. ముందు చెయ్యెత్తేది ఎప్పుడూ ఆ నలుగురే. మిగతావాళ్లకి ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

పరీక్ష గురించి కూడా ఒక మాట. నువ్వు అడుగుతున్నది నది ఎక్కడ పుట్టిందని, ఒత్తులు సరిగ్గా రాశారా అని కాదు. నోటితో చెప్పనీ, పటం మీద వేలు పెట్టి చూపించనీ, బొమ్మ వేయనీ. మార్కు మార్కే. ఒత్తులు నేర్పే పని తెలుగు పీరియడ్‌లో వేరుగా చేసుకుందువు గాని.

నీకు తోడుండేవాళ్లున్నారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం మండలంలో ఎక్కడుందో కనుక్కో. అక్కడి ఐఈఆర్టీని, అంటే ఆ పిల్లలకి నేర్పే ప్రత్యేక టీచరుని, కలిసి బ్రెయిలీ పుస్తకాల గురించి, చూపు లేని పిల్లలు తడిమి లెక్కలు చేసుకునే టేలర్ ఫ్రేమ్ గురించి అడుగు. పాప మిషన్‌లో బ్యాటరీ ఉందో లేదో పొద్దున్నే చూడు, అయిపోయినా పిల్లలు చెప్పరు. వైకల్యం ఉన్నవాళ్ల కోసం చేసిన 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో 21 ఉన్నాయి, చదవడం, రాయడంలో ఇబ్బంది కూడా అందులో చేరింది. అయినా సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగకు. మ, య తేడా పట్టుకోలేని పిల్లకి నీ సాయం ఇవాళే కావాలి.

ఇంకొకటి, ఆ బాబు పక్కన ఒకే పిల్లవాణ్ణి రోజూ కూర్చోబెట్టకు. వారానికొకరిని మార్చు. లేకపోతే ఆ ఒక్కడు సహాయకుడైపోతాడు, స్నేహితుడు కాడు.

ఆదివారం సంతలో పురికొస, ఉన్ని దారం కొనుక్కో. చింతగింజలు నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి, మీ నాన్న వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. పటం ఆరాక, ఎవరికీ చూపించకముందు, కళ్లు మూసుకుని నువ్వే ఒకసారి గోదావరి వెంట వేలు జరిపి చూడు. ఎక్కడ తడబడ్డావో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ అత్తయ్య