టమాట మొక్క వాడిపోతే ముందు మొదలు చూడండి

టమాట మొక్కలు ఆకు పచ్చగా ఉండగానే వాలిపోతున్నాయని, అది ఏ కుళ్ళు తెగులో ఎలా గుర్తుపట్టాలని మీరు అడిగారు. మదనపల్లె ప్రాంతంలో 16 ఏళ్లుగా టమాట పండిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: మొక్కను వేరుతో సహా పీకి మొదలు చూడనిదే ఏ మందూ కొనకండి.

నాలుగేళ్ల క్రితం ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టిన తరువాత, నాటి 45 రోజులైన మా ఎకరం తోటలో మొక్కలు ఒక్కొక్కటిగా తల వాల్చాయి. రెండు కొమ్మలు తుంచుకుని మందుల కొట్టుకు వెళితే, అక్కడివారు ఆకులు తిరగేసి చూసి కార్బెండజిమ్ అనే, శిలీంధ్రాలను చంపే మందు ఇచ్చారు. రెండు విడతలు మొదళ్లు తడిపినా ఎనిమిది రోజుల్లో నాలుగు సాళ్లు పోయాయి. అప్పుడు మా అమ్మ తోటలోకి వచ్చి, ఒక మొక్కను పీకి, మట్టికి ఆనుకున్న చోట కాండం చుట్టూ అల్లుకున్న తెల్లని బూజును, అందులో ఆవగింజల్లా ఉన్న గోధుమరంగు గుండ్లను చూపించి, “ఇది మన శెనిక్కాయ చేన్లో వచ్చేదే గదరా” అన్నది. స్క్లెరోషియం రోల్ఫ్సి అనే పేరు ఆమెకు తెలియదు గానీ, వేరుశనగలో కాండం కుళ్ళుకూ టమాటలో మొదలు కుళ్ళుకూ కారణం ఆ ఒక్క శిలీంధ్రమే. ఆ గుండ్లు నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. అంతకు ముందు ఆ చేలో నేను వేసిన పంట వేరుశనగే.

అయితే కాలువ వైపు పల్లంలో వాడిన మొక్కలకు బూజు లేదు, గుండ్లూ లేవు. కాండాన్ని చీలిస్తే లోపల గోధుమరంగు చార కనిపించింది. కోసిన ముక్కను గాజు గ్లాసులోని నీటిలో కదలకుండా వేలాడదీస్తే, కొద్ది నిమిషాల్లో పాలవంటి సన్నని ధార కిందికి దిగింది. అది బాక్టీరియా ఎండు తెగులు. శిలీంధ్రాలను చంపే మందు ఎంత పోసినా దానిమీద పనిచేయదు. ఒకే ఎకరంలో, ఒకే వారంలో వచ్చిన ఈ రెండింటినీ ఆకు చూసి విడదీయగలవారు ఎవరూ లేరని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు ఫోన్‌లో ఆకు ఫోటో పంపితే చాలు, మందు పేరు వచ్చేస్తోంది. ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది. నారుమడిలో మొలకలు మట్టి దగ్గర మెత్తబడి పడిపోయే నారుకుళ్ళుకు కూడా అదే కార్బెండజిమ్ రాసిస్తున్నారు. దానికి తరచుగా కారణమయ్యే పిథియం అనే సూక్ష్మజీవి అసలైన శిలీంధ్రాల జాతికి చెందదు కనుక ఆ మందు దానికి తగలదు, మెటలాక్సిల్ కలిసిన మందు కావాలి. కాయ అడుగున నల్లగా, తోలులా గట్టిపడే మచ్చ అసలు తెగులే కాదు, తడి ఒకసారి ఎక్కువై ఒకసారి తక్కువై కాయకు కాల్షియం అందకపోవడం వల్ల వచ్చేది; దానికీ మందులు అమ్ముతున్నారు.

ఆ ఏడాది బూజు పట్టిన మొక్కలను చుట్టూ ఉన్న మట్టితో సహా గోనెసంచుల్లోకి ఎత్తి తోట బయటికి తీసుకువెళ్లి తగులబెట్టాము, పల్లం నీరు పైసాళ్లకు చేరకుండా గట్టు వేశాము. తరువాతి రెండు పంటలు జొన్న, మొక్కజొన్న వేసి, మళ్ళీ టమాట నాటే ముందు తెగులు శిలీంధ్రాలను అణచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడిని 2 కిలోలు తీసుకుని, 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో కలిపి, మాగబెట్టి చల్లాము. మీరు కూడా ఈరోజే పైవైపు నుంచి ఒకటి, పల్లం నుంచి ఒకటి పీకి, మొదలు దగ్గర ఏమి కనిపించిందో, గ్లాసులో ధార దిగిందో లేదో ఇక్కడ రాయండి.