పందుల దాణాకు ప్రోటీన్ ఎక్కువున్న మక్కలు (మొక్కజొన్న) కొనాలా? గింజ నాణ్యత మనమే ఎలా చూసుకోవాలి?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. నలభై సీమపందులు ఉన్నాయి, దాణా సొంతంగా ఆడించుకుంటున్నారు. ఒక వ్యాపారి తన మక్కల్లో 10 శాతం ప్రోటీన్ ఉందని ల్యాబ్ రిపోర్టు చూపించి క్వింటాలుకు 200 రూపాయలు ఎక్కువ అడుగుతున్నాడు. పక్క దుకాణంలో మామూలు సరుకు, 8.5 శాతం. ఏది కొనాలి, గింజ మంచిదో కాదో మనమే ఎలా తెలుసుకోవాలి, ఉన్న గింజనే బాగుచేసుకునే దారి ఏమైనా ఉందా అని అడిగారు.

ప్రోటీన్ కోసం ఆ 200 పెట్టకండి. కృష్ణా జిల్లాలో పదకొండేళ్లుగా పందులు పెంచుతున్నాను. మొదటి రెండేళ్లు నేనూ ఆ ప్రోటీన్ అంకె చూసే కొన్నాను.

లెక్క చూడండి. ల్యాబులో ప్రోటీన్ అని ఇచ్చేది నిజానికి నత్రజని లెక్క. గింజలో ఉన్న నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేస్తారు. ఆ ప్రోటీన్ ఎలాంటిదో ఆ అంకె చెప్పదు. పందికి కావలసింది అందులోని అమైనో ఆమ్లాలు, వాటిలో మన దాణాలో ముందు కరువయ్యేది లైసిన్. మొక్కజొన్న ప్రోటీన్‌లో దాదాపు సగం జీన్ అనే రకం, దానిలో లైసిన్ ఉందీ లేదన్నట్టే. రైతు చేలో యూరియా ఎక్కువ చల్లితే గింజలో ప్రోటీన్ శాతం పెరుగుతుంది, కానీ పెరిగేది ఎక్కువగా ఆ జీనే. కాబట్టి 8.5 శాతం సరుకులో లైసిన్ 0.25 శాతం ఉంటే, 10 శాతం సరుకులో 0.27 దగ్గర ఉంటుందనుకోండి. క్వింటాలుకు తేడా 20 గ్రాములు. దాణాలో కలిపే లైసిన్ పొడిలో అసలు లైసిన్ 78 శాతం ఉంటుంది. అంటే 25 గ్రాముల పొడితో ఆ లోటు పూడిపోతుంది. కిలో పొడి 200 వేసుకున్నా అది 5 రూపాయలు. మిగతా అమైనో ఆమ్లాలు కూడా కాస్త పెరుగుతాయి కదా అంటే, దానికీ ఇంకొన్ని రూపాయలు కలుపుకోండి. వ్యాపారి మాత్రం సోయా చెక్కలో కిలో ప్రోటీన్ ఎంత పడుతుందో దానితో పోల్చి చెబుతాడు, అందుకే వినేటప్పుడు న్యాయంగానే అనిపిస్తుంది.

మనం మక్కలు కొనేది శక్తి కోసం. మంచి గింజ కిలోలో పందికి దక్కే శక్తి 3300 కిలో కేలరీల పైనే ఉంటుంది. ప్రోటీన్ పని సోయా చెక్క చూసుకుంటుంది. అందుకే బస్తా ముందు నిలబడి నేను చూసేవి తేమ, బూజు, మట్టి, తాలు. తర్వాత సంగతంతా పిండిమరలో తేలుతుంది.

తేమతోనే ఎక్కువ మోసపోతాం. 17 శాతం తేమ ఉన్న క్వింటాలులో నికరంగా ఉండేది 83 కిలోలు, 12 శాతం తేమ ఉన్నదానిలో 88. అంటే 2200కి తడి సరుకు కొంటే, ఎండిన సరుకు లెక్కన 2330 పెట్టినట్టే. కాటా మీద నీళ్లు కొంటున్నాం. తేమ మీటరు కొనుక్కుంటే మంచిదే. అది లేని రోజుల్లో మా నాన్న చేసిన పని ఇప్పటికీ చేస్తాను: బాగా ఆరిన గాజు సీసాలో మూడో వంతు గింజలు పోసి, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత పెట్టి ఒక నిమిషం ఊపాలి. పావుగంట వదిలేసి చూస్తే, ఉప్పు గాజుకి అంటుకుని పొరలా కనిపిస్తే తేమ 15 దాటినట్టు. పొడిగా కింద రాలిపోతే నిల్వకు ఫరవాలేదు. ఉప్పు ముందే చెమ్మగిల్లి ఉంటే పరీక్ష తప్పుతుంది, పెనం మీద కాస్త వేడి చేసి చల్లార్చుకోండి.

ఇక బూజు. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, నాకు తగిలిన దెబ్బ ఇదే కాబట్టి.

ఒక ఏడాది అక్టోబరు చివర్లో వానాకాలం పంట మక్కలు చవగ్గా వచ్చాయని నలభై బస్తాలు దింపించాను. వానల్లో కోసిన పంట అది. మీ తెలంగాణ వైపు వానాకాలం మక్కలకీ, మా డెల్టాలో వరి కోశాక వేసి ఎండల్లో తీసే మొక్కజొన్నకీ అదే తేడా, మాది ఆరడానికి ఎండ దొరుకుతుంది. బస్తా విప్పి చెయ్యి పెడితే లోపల గోరువెచ్చగా తగిలింది. కొద్దిగా ముక్కిన వాసన. అప్పుడే వెనక్కి పంపాల్సింది. పట్టా పరిచి రెండు రోజులు ఎండబెట్టి ఆడించేశాను.

మూడో వారంలో నాలుగు నెలల ఆడ పందిపిల్లలకి మానం ఎర్రగా వాచిపోయింది. ఎదకి వచ్చాయనుకున్నాను, కానీ నాలుగు నెలలకి ఎద ఏమిటి? డాక్టరుగారు వచ్చి పందులకన్నా ముందు దాణా తొట్టి చూశారు. గింజల మొన దగ్గర లేత గులాబీ రంగు బూజు చూపించారు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం, అది చేసే విషం పేరు జియరలినోన్, ఆడ హార్మోను లాగా పనిచేస్తుంది. అప్పటికే దాటించిన రెండు తల్లులు మళ్లీ ఎదకి వచ్చాయి. ఆ ఈత పోయినట్టే.

"టాక్సిన్ బైండర్ కలుపుతున్నాను కదండీ" అన్నాను. దాణాలోని బూజు విషాన్ని పట్టేసే పొడి అది. నేను కలుపుతున్నది బెంటోనైట్ మట్టి. అది అఫ్లాటాక్సిన్ అనే ఇంకో బూజు విషాన్ని బాగా పట్టుకుంటుంది, జియరలినోన్ దగ్గర పెద్దగా పనిచేయదు. ప్యాకెట్ మీద మాత్రం అన్ని విషాల పేర్లూ ఉంటాయి. ఇంకో మాట, ఎండబెడితే బూజు పెరగటం ఆగుతుందే గానీ, అప్పటికే గింజలో చేరిన విషం పోదు. నేను చేసిన తప్పు సరిగ్గా అదే.

శాంపిల్‌లోనూ తప్పు చేశాను. మొదటిసారి ఒక బస్తా పైనుంచి గుప్పెడు తీసి పంపితే రిపోర్టు శుభ్రంగా వచ్చింది. బూజు అన్ని బస్తాల్లో సమానంగా ఉండదు, ఒకచోట ముద్దగా ఉంటుంది. రెండోసారి పదిహేను బస్తాల్లో పైన, మధ్యన, అడుగున గొట్టం గుచ్చి తీసి, అంతా కుప్ప పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు ఉంచుకుని, మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేసి, అరకిలోకి తెచ్చి పంపాను. అప్పుడు బయటపడింది. శాంపిల్ ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితం సంచిలో పంపండి, దారిలో చెమ్మ పట్టకుండా ఉంటుంది. మీకు రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, మాకు తిరుపతిలో ఉంది. అక్కడి పశుపోషణ విభాగంలో అడిగితే ఏ పరీక్ష ఎక్కడ చేయించాలో చెబుతారు. డబ్బు ఒక్క పరీక్షకే ఉంటే ప్రోటీన్‌కి కాదు, ఈ విషాలకి పెట్టండి.

అనుమానం తక్కువగా ఉన్న సరుకైతే జల్లెడ పట్టండి. విరిగిన గింజల్లో, పొడిలోనే విషం ఎక్కువ చేరుతుంది, అది తీసేస్తే చాలావరకు తగ్గుతుంది. తీసిన పొడిని కోళ్లకి వేయకండి, పూడ్చేయండి. ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే ఎండు పిప్పి) చవగ్గా దొరుకుతోందని చాలామంది వాడుతున్నారు. అందులో పిండిపదార్థం పోయి మిగిలినవన్నీ దాదాపు మూడింతలు చిక్కబడతాయి, ప్రోటీన్‌తో పాటు విషం కూడా. చూలు పందులకి నేను వేయను.

ఇప్పుడు బాగుచేసుకోవటం. అందరూ మందులు, పొడులు అడుగుతారు గానీ, పెద్ద ఖర్చు లేకుండా ఎక్కువ లాభం ఇచ్చేది పిండిమర జల్లెడ. నేను ఆడించే మిల్లులో త్వరగా అవుతుందని పెద్ద రంధ్రాల జల్లెడ వేసేవాడు. ఒకరోజు పెంట ఎత్తుతుంటే అందులో పసుపు ముక్కలు మెరుస్తూ కనిపించాయి. దోసెడు పెంటని పిండి జల్లెడలో వేసి నీళ్లు పోస్తే గుప్పెడు మక్క ముక్కలు తేలాయి, నమిలినట్టు కూడా లేవు. కొన్న గింజ అలాగే బయటికి పోతోంది. అప్పటినుంచి 3 మిల్లీమీటర్ల జల్లెడ నేనే కొని మిల్లుకి పట్టుకెళ్తున్నాను. సగటు రేణువు 600–700 మైక్రాన్ల దగ్గర ఉంటే మంచిది. ప్రతి 100 మైక్రాన్లు తగ్గితే దాణా సుమారు ఒక శాతం కలిసొస్తుంది. కొలిచే సామాను లేదంటారా, చేతిలోకి తీసుకుంటే ఉప్మా రవ్వలా తగలాలి. మైదాలా అయిందంటే ఎక్కువ ఆడించారని అర్థం, పందులకి కడుపులో పుండ్లు పడతాయి, తొట్టి చుట్టూ దుమ్ము.

తర్వాత లైసిన్. దాణాలో టన్నుకి 3 కిలోల లైసిన్ పొడి కలిపితే, సుమారు 100 కిలోల సోయా చెక్క తీసి దాని బదులు 97 కిలోల మక్కలు వేసుకోవచ్చని పాత లెక్క ఒకటి ఉంది. పనిచేస్తుంది, కానీ అంతకన్నా ముందుకు పోతే థ్రియోనిన్, మిథియోనిన్, ట్రిప్టోఫాన్ అనే మిగతా అమైనో ఆమ్లాల వంతు వస్తుంది. నేను 30 కిలోలు దాటిన పిల్లలకి క్వింటాలులో మక్కలు 58, తవుడు 15, సోయా చెక్క 24, మినరల్ మిక్చర్ రెండున్నర, ఉప్పు అర కిలో వేసి, పైన 120 గ్రాముల లైసిన్ కలుపుతాను. ప్రోటీన్ 17 పైన, లైసిన్ 1 శాతం దగ్గర పడుతుంది. సోయా మాత్రం బస్తాకి బస్తా తేడా ఉంటుంది, యూరియా కలిపితే ల్యాబులో ప్రోటీన్‌గానే కనబడుతుంది. నత్రజని లెక్క అని ముందు చెప్పింది ఇందుకే.

మొక్కజొన్నలోని భాస్వరంలో మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో ఉంటుంది, పంది దాన్ని జీర్ణించుకోలేదు. ఫైటేజ్ ఎంజైమ్ కలిపితే అందులో కొంత దక్కుతుంది, భాస్వరం కోసం కలిపే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) ఖర్చు తగ్గుతుంది. ప్యాకెట్ మీద చెప్పిన మోతాదు చాలు.

తవుడు తాజాదే కొనండి. నూనె తీయని తవుడులో 12 నుంచి 15 శాతం నూనె ఉంటుంది, మిల్లులో బియ్యం నుంచి విడిపోయిన గంట నుంచే పాడవటం మొదలవుతుంది. వారం పదిరోజులకి చేదెక్కి కనరు వాసన వస్తుంది, పందులు తొట్టి వాసన చూసి వెళ్లిపోతాయి. నోట్లో చిటికెడు వేసుకుని చూడటమే పరీక్ష. నూకలు చవగ్గా దొరికిన నెలలో మక్కలు 15 కిలోలు తగ్గించి నూకలు వేసేస్తాను, బూజు టెన్షన్ తక్కువ.

జొన్నలు వేద్దామంటే తెల్లజొన్నలకి సాధారణంగా ఇబ్బంది లేదు. ఎర్రవాటిలో కొన్నిట్లో టానిన్ ఉంటుంది, ప్రోటీన్ అరగనివ్వదు. బట్టల బ్లీచ్‌లో కాస్త కాస్టిక్ సోడా కలిపి గింజలు 20 నిమిషాలు నానబెడితే టానిన్ ఉన్నవి నల్లగా మారతాయి. చేతికి గ్లౌజులు వేసుకోండి, ఆ గింజలు పారేయండి.

మీకు సొంత పొలం ఉంటే క్యూపీఎం (క్వాలిటీ ప్రోటీన్ మెయిజ్, మేలైన ప్రోటీన్ ఉన్న రకం) మొక్కజొన్న సంగతి ఆలోచించొచ్చు. 2005లో వచ్చిన హెచ్‌క్యూపీఎం-1 లాంటి వాటిలో ప్రోటీన్ శాతం మామూలుదే, లైసిన్ మాత్రం ఒకటిన్నర నుంచి రెండింతలు. నేను ఒక ఎకరం వేశాను. పక్క చేలో మామూలు రకం ఉంది, రెండూ ఒకేసారి పూత. ఆ గుణం అణగి ఉండే జన్యువుది, పక్క పుప్పొడి పడిన గింజ మామూలు గింజ అయిపోతుంది. గట్టు వైపు వరసలన్నీ అలాగే పోయాయి. వేస్తే దూరంగా, లేదా విత్తే తేదీ మార్చి వేయండి. మార్కెట్లో అమ్మడానికి మాత్రం వద్దు, కంటికి తేడా తెలియదు, ఎవరూ ఎక్కువ ఇవ్వరు.

ఏం మార్చినా ఫలితం పంది మీదే కొలవండి. కాటా లేకపోతే టేపు చాలు: ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవు, రెండూ మీటర్లలో. చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, మళ్లీ 69.3తో గుణిస్తే కిలోలు. చుట్టు 0.95, పొడవు 1 అయితే సుమారు 62 కిలోలు. ఒక గదిలో పది పందులు పెట్టి, నెల రోజులు వేసిన దాణా రాసుకుని, పెరిగిన బరువుతో భాగించండి. ఇవన్నీ మార్చక ముందు నాకు కిలో బరువుకి 3.9 కిలోలు పట్టేది, ఇప్పుడు 3.2 దగ్గర ఉంటోంది. 30 కిలోల నుంచి 90కి తెచ్చేలోపు పందికి 42 కిలోల దాణా మిగిలినట్టు.

మీరు ఆడించే మిల్లులో జల్లెడ రంధ్రం ఎంతో స్కేలు పెట్టి చూసి ఇక్కడ రాయండి, ఆ రెండు సరుకుల తేమ కూడా. తేమ తెలిస్తే ఏ దుకాణంలో కొనాలో, రంధ్రం తెలిస్తే జల్లెడ మార్చాలో లేదో చెబుతాను.