కిటికీ విరిగిందా, పగిలిందా?

సందేహం: మోటార్‌హోమ్‌లో (ఇల్లులా అమర్చిన బండిలో) వెళ్తుంటే రోడ్డు మీదికి వంగిన చెట్టుకొమ్మ తగిలి పక్క కిటికీ దెబ్బతింది. మరమ్మతు చేసే ఆయనకి ‘కిటికీ విరిగింది’ అని మెసేజ్ పెట్టాను. ఆయన చట్రం పోయిందనుకుని దానికి తగ్గ సరంజామాతో వచ్చాడు. తీరా చూస్తే చట్రం నిక్షేపంగా ఉంది, పోయింది పలక. ‘పగిలింది అనాలి, విరిగింది అంటే ఇలాగే అవుతుంది’ అని మావారు ఒకటే దెప్పడం. పైగా అది గాజు కాదు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్ కాబట్టి ‘కిటికీ అద్దం’ అనడం కూడా తప్పేనట. మీరే తేల్చాలి.
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ‘విండో బ్రేక్ అయింది’ అని పెట్టనందుకు ముందు మీకు నా అభినందనలు. ఈ ‘బ్రేక్ అవడం’, ‘డ్యామేజ్ అవడం’ వచ్చి పడ్డాక కొమ్మ విరిగినా, కుండ పగిలినా, తాడు తెగినా, బట్ట చిరిగినా, గోడ బీటవారినా అన్నిటికీ అదే మాట. ఇన్ని క్రియలు చేతిలో పెట్టుకుని అరువు మాట ఒక్కదానితో కాలక్షేపం చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మీరు కనీసం తెలుగు క్రియ వాడారు. అది సరైనదా కాదా అన్నదే పేచీ.

ఈ పేచీ తీర్చడానికి నేను వేమన దగ్గరికి వెళ్తాను. (నన్ను చాలాకాలంగా చదువుతున్నవాళ్ళు ‘మళ్ళీ వేమనా’ అనుకుంటారు, అనుకోనివ్వండి.)

ఇనుము విరిగెనేని ఇనుమారు ముమ్మారు
కాచి యతుకవచ్చు క్రమముగాను
మనసు విరిగెనేని మరి యంటనేర్చునా
విశ్వదాభిరామ వినురవేమ

పాఠాలు కొద్దికొద్ది తేడాలతో దొరుకుతాయి గానీ ‘విరిగెనేని’ మాత్రం కదలదు. ఇక్కడ ఆగి చూడండి. ఆటవెలదిలో ‘విరిగె’ ఉన్న చోట ‘పగిలె’ పెట్టినా గణం చెడదు, రెండూ మూడు లఘువులే. యతికీ ఇబ్బంది లేదు, అది ఇనుములోని ‘ఇ’కీ ఇనుమారులోని ‘ఇ’కీ, మనసులోని ‘మ’కీ మరిలోని ‘మ’కీ మధ్య కుదిరిపోయింది. అంటే ఛందస్సు ఆయన చెయ్యి పట్టుకోలేదు, ‘విరిగె’ అన్నది ఆయన కోరి ఏరుకున్న మాట. ఎందుకంటే ఇనుపకడ్డీ పగలదు, విరుగుతుంది. విరిగినదాన్ని కొలిమిలో పెట్టి, కాచి, సాగగొట్టి అతకవచ్చు. మనసుకీ అదే క్రియ వేసి, ‘ఇదీ విరిగేదే కదా, మరి ఇది అతుకుతుందా?’ అని నిలదీస్తున్నాడు. ‘మనసు పగిలెనేని’ అని ఉంటే ఆ ప్రశ్నకి పస ఉండదు, పగిలింది అతకదని వినేవాడికి ముందే తెలుసు కాబట్టి.

ఇంకో సంగతి. మనకి గుండె పగులుతుంది, మనసు విరుగుతుంది. తిరగేసి చూడండి, ‘నా గుండె విరిగింది’ అంటే వినేవాడు తికమకపడతాడు. గుండె పగలడం దుఃఖం, మనసు విరగడం ఎడబాటు. మనసు ఒకవైపు మొగ్గుతుంది, మళ్ళుతుంది, వంగుతుంది, వంగడం శ్రుతి మించితే విరుగుతుంది. విరుగుకి ప్రాణం ఆ వంపులోనే ఉంది: కొమ్మ, కర్ర, ఎముక, నడుము, సుద్దముక్క. ఒళ్ళు విరుచుకోవడంలోనూ ఉన్నది ఈ క్రియే. విషానికి విరుగుడు దీని బిడ్డే.

పాత గ్రంథాల్లో ఇది బండి ఱతో ‘విఱుగు’. పువ్వు విరియడంలోది సాధురేఫ, అంటే మామూలు ‘ర’. బండి ఱ రాయడం మానేశాక ఈ రెండూ ఒక కుటుంబమేనని చాలామంది అనుకుంటున్నారు, ‘విరిసి విరిగిన’ అంటూ చమత్కారాలు కూడా పోతున్నారు. పోనివ్వండి, అది వేరే పోట్లాట.

పగులు సంగతి వేరు. తమిళంలో ‘పగు’ అంటే చీలడం, విడిపోవడం. మనం పాలు పంచుకుంటామే, ఆ వాటా అర్థం వచ్చే ‘పాలు’ కూడా ఈ ధాతువుకి చుట్టమేనని ద్రావిడ భాషాశాస్త్రం చెబుతుంది. కాబట్టి వంగి తెగేది విరుగుతుంది, ఉన్న ఒడలు చీలి పాళ్ళయ్యేది పగులుతుంది: కుండ, గుడ్డు, తల, పెదవి, నేల.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పగలడం, విరగడం వస్తువు దేనితో చేశారన్నదాన్ని బట్టి రావు, ఆకారాన్ని బట్టి, దెబ్బ తీరుని బట్టి వస్తాయి. కప్పు పగులుతుంది, అదే కప్పు చెవి విరుగుతుంది. ప్లాస్టిక్ బకెట్ పగులుతుంది, ప్లాస్టిక్ స్కేలు విరుగుతుంది. కాబట్టి గాజా అక్రిలిక్కా అన్న వాదన ఈ క్రియల దగ్గర చెల్లదు.

ఇప్పుడు మీ కిటికీ దగ్గరికి వద్దాం. మోటార్‌హోమ్‌లో గది భాగానికి ఉండే కిటికీలు చాలావరకు రెండు పొరల అక్రిలిక్ పలకలు, నడుమ గాలి ఖాళీ. పైఅంచు చట్రానికి వేలాడుతుంది, కింది అంచు బయటికి తెరుచుకుంటుంది, తెరిచాక నిలబెట్టడానికి రెండు పక్కలా కమ్మీలు, మూసి బిగించడానికి లోపల గొళ్ళేలు. కొమ్మ తగిలినప్పుడు వీటిలో ఏది పోయిందన్నది ముఖ్యం. పలక పగులుతుంది. కమ్మీ విరుగుతుంది. గొళ్ళెం ఊడుతుంది. చట్రం వంకరపోతుంది. ఇన్నిటినీ కలేసి ‘కిటికీ విరిగింది’ అంటే పాపం ఆయన మాత్రం ఏం తెచ్చుకుని వస్తాడు?

ఆ మాటకొస్తే డ్రైవర్ ఎదుట ఉండే పెద్ద అద్దానికి ఇంకో క్రియ కావాలి. అది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది, రాయి తగిలితే చిట్లుతుంది, చిట్లిన చోటు నుంచి గీత పాకుతుంది, అంతేగాని ఊడి ఒళ్ళో పడదు. ముందు తలుపుల అద్దం సాధారణంగా కాచి గట్టిపరిచిన గాజు, పోతే ఒక్కసారిగా పలుకులు పలుకులుగా రాలుతుంది, దానికి నుగ్గవడమే సరైన మాట. ‘బద్దలైంది’ అని కూడా అంటున్నారు గానీ బద్ద అంటే పొడుగ్గా చీలిన చెక్క, పలుకులుగా రాలినదాన్ని బద్దలనడం నాకు అంతగా రుచించదు, అయినా వాడుక ఒప్పేసుకుంది.

అక్రిలిక్ పగులుకి వేమన దారి ఒకటి ఉంది. దానికి తగిన ద్రావకపు జిగురు రెండు అంచులనీ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది, నిప్పు లేకుండా కాచి అతకడమే అనుకోండి, గీత మాత్రం కనబడుతూనే ఉంటుంది. పగులు ఇంకా పాకుతుంటే దాని కొసన చిన్న కన్నం వేసి ఆపుతారు. స్పిరిట్ కలిసిన ద్రవాలతో తుడవకండి, పలకంతా సన్నటి నెరియలు పడుతుంది. (‘నెరియ’ అన్న మాట ఎండిన చెరువుకి తప్ప దేనికీ వాడరేమని అడిగితే పిల్లలు నవ్వుతున్నారు.) బయటి పొర పగిలితే రెండు పొరల మధ్యకి తేమ చేరి లోపల మంచు పట్టినట్టు మసకేస్తుంది, అందుకని కొత్త పలక వచ్చేదాకా దళసరి ప్లాస్టిక్ షీట్ కప్పి, టేప్‌ని పలక మీద కాకుండా బండి ఒంటికి అంటించండి.

ఇక అద్దం. సంస్కృతంలో ‘ఆదర్శం’ అంటే చూసుకునే అద్దమే. ప్రాకృతంలో అది ‘అద్దాఅ’, మనకి అద్దం. గాంధీగారు మనకి ఆదర్శం అనేవాళ్ళు తెలియకుండానే ఆయన్ని అద్దం చేస్తున్నారు. ‘కొండ యద్దమందు కొంచెమై యుండదా’ అని వేమన అన్నప్పుడూ అది నీడ చూపేదే. గాజు అన్నది పదార్థం పేరు, అద్దం పని పేరు. నీడ చూపే పని నుంచి అవతలిది చూపే పనికి మాట విస్తరించింది. ఇప్పుడు చాలామంది కళ్ళద్దాల్లో గాజు లేదు, ప్లాస్టిక్కే ఉంది. వాటిని ‘కంటి ప్లాస్టిక్‌లు’ అని మీవారు అంటున్నారా? అనకపోతే కిటికీ అద్దం దగ్గర ఈ చాదస్తం దేనికి? కొత్తది తెప్పించేటప్పుడు మాత్రం అక్రిలిక్ అని విడిగా చెప్పండి, అక్కడ పదార్థం పేరు అవసరం.

కిటికీ హిందీ ఖిడికీకి దగ్గరి చుట్టం. గవాక్షం ఎద్దు కన్ను. ఈ రెంటి గురించీ ఇవాళ ఇంతే.

సరే, తీర్పు. పలక వరకు ‘పగిలింది’ మేలు, ఆ మేరకు మీవారు నెగ్గారు. ‘విరిగింది’ తప్పని మాత్రం నేను రాయను. వెడల్పు తక్కువగా ఉన్న పొడుగు పలక కొమ్మ ఒత్తిడికి వంగి వంగి రెండు ముక్కలైతే దాన్ని విరిగిందనేవాళ్ళున్నారు, వాళ్ళ చెవికి అదే సబబు. మీది ఎలా పోయిందో నేను చూడలేదు కదా. ఈసారి మెసేజ్ ఇలా పెట్టి చూడండి: ‘ఎడమ పక్క కిటికీ అద్దానికి బయటి పొర పగిలింది, పగులు జానెడు, ఇంకా పాకుతోంది. కమ్మీ ఒకటి విరిగింది. చట్రం, గొళ్ళేలు బాగున్నాయి.’ అద్దం మూలలో తయారీదారు పేరూ కొలతలూ ఉండవచ్చు, వలయంలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం, పక్కన 43ఆర్ అన్న, బండి అద్దాలకి ఇచ్చే ఆమోదపు ముద్ర కూడా కనిపించవచ్చు. వాటిని ఫొటో తీసి జత చేయండి. ముద్ర ఉన్న ముక్క ఊడిపోతే పారేయకండి.