ఎండ ఊళ్లో ఏ మొక్క నాటాలంటే, ముందు మేకల్ని అడగండి

"మా కాలనీకి వారానికి రెండుసార్లే నీళ్లొస్తాయి. వీధిలో నాటడానికి నీళ్లు అక్కర్లేని నాటు చెట్లు చెప్పండి" అని ఒకరు అడిగారు.

మాది అనంతపురం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా. అందుకే ఈ ప్రశ్న చూస్తే ఊరుకోలేను. నీళ్లు అక్కర్లేని చెట్టు ఉంటుందేమో గానీ, నీళ్లు అక్కర్లేని మొక్క ఉండదు. వేపైనా కానుగైనా వేరు లోతుకు దిగేదాకా, కనీసం రెండు ఎండాకాలాలు, మనం పోయాల్సిందే.

ఒక జూలైలో మా వీధిలో 40 వేప మొక్కలు పెట్టాం. ఫోటోలు, ఉపన్యాసం, ఉప్మా అన్నీ అయ్యాయి. దసరా నాటికి సగానికి పైగా ఒట్టి పుల్లలే మిగిలాయి. మేకల పని. పక్క వీధిలో మేకలు పెంచే అవ్వ మీదికి గుంపుగా గొడవకు పోయాం. ఆమె వాకిలి ఊడ్చడం ఆపకుండానే, "యాపాకు ముందర పెడితే మేక తినదా నాయనా? సదువుకున్నోళ్లు గదా, కానుగ పెట్టుంటే మూతి గూడా పెట్టవు" అనింది. మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు.

మరుసటేడు 25 మొక్కలే పెట్టాం, ఎక్కువగా కానుగ. మాది గరుసు నేల. రెండడుగుల గుంతకు ఇద్దరికి ఒక పూట పట్టింది. ఎరువు అవ్వ దగ్గరే కొన్నాం. మట్టికుండ అడుగున సన్న చిల్లి పెట్టి, అందులో గుడ్డవత్తి దూర్చి, మొక్క పక్కన మెడదాకా పాతాం. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పోసి మూత పెడితే నాలుగైదు రోజులు పదును ఉండేది. మొక్కకో ఇల్లు చొప్పున అప్పజెప్పాం. ఓనర్లకు కాదు, అద్దెకున్నవాళ్లకు. నీళ్లు పట్టేది వాళ్లే కదా. చుట్టూ సర్కారు తుమ్మ కంప కొట్టి కంచె వేశాం. ఈ సర్కారు తుమ్మ ఎక్కడో అమెరికా ఖండం నుంచి వచ్చి సీమంతా పరుచుకున్న మొక్క. మన కానుగకు కాపలా కాసింది మాత్రం అదే!

19 బతికాయి.

నర్సరీలో మీకు కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను అంటగడతారు, జాగ్రత్త. తొందరగా గోడలా పచ్చగా లేస్తుంది నిజమే. గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దని నిషేధించింది. ఇక్కడ ఇంకా డివైడర్ల పొడవునా అదే కనిపిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఉగాదికి దాని పువ్వు పచ్చట్లో వేసుకుంటారా ఏమి?

ఇంకొకటి. కరెంటు తీగలు వీధికి ఏ పక్కనున్నాయో చూసుకోండి. ఆ పక్క తంగేడు, సీతాఫలం లాంటివి చాలు. మేం చూసుకోలేదు. ఏడు కానుగలు తీగల కిందే పెరిగాయి. కొమ్మలు కొట్టేవాళ్లు ఏటా సరిగ్గా మార్చిలో, నీడ కావాల్సిన సమయానికే వస్తారు.