న్యూయార్క్ వలసవాడల్లో మహిళా డిటెక్టివ్

ప్రశ్న: 1900 ప్రాంతపు న్యూయార్క్‌ను నేపథ్యంగా తీసుకున్న చారిత్రక డిటెక్టివ్ నవలల్లో, నిన్నగాక మొన్న ఓడ దిగిన పేద యువతి పోలీసులకు అంతుచిక్కని హత్యల గుట్టు విప్పేస్తూ ఉంటుంది. ఆ రోజుల్లో ఇది నిజంగా సాధ్యమేనా, లేక ఈనాటి పాఠకుల అభిరుచిని బట్టి రచయితలు అల్లుకున్న కల్పనేనా?

జవాబు: హత్య వెనుక హత్యను ఒంటిచేతితో ఛేదించడం కల్పనే. అయితే నేర పరిశోధనలో స్త్రీలు ఉండడం మాత్రం కల్పన కాదు. పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ 1856లోనే షికాగోలో కేట్ వార్న్ అనే ఆమెను డిటెక్టివ్‌గా నియమించుకుంది. న్యూయార్క్ విషయానికి వస్తే, పోలీసు ఉద్యోగి భార్య అయిన ఇసబెల్లా గుడ్విన్ భర్త మరణించిన తరువాత, పిల్లలను పోషించుకోవలసిన స్థితిలో, 1896లో మేట్రన్‌గా చేరారు. పోలీసు నిర్బంధంలో ఉన్న స్త్రీల బాగోగులు చూడడం మేట్రన్ పని. 1912లో ఒక బ్యాంకు సొమ్ము దోపిడీ కేసులో ఆమె అనుమానితుల సన్నిహితురాళ్ళు ఉంటున్న ఇంట్లో పనిమనిషిగా కుదిరి, చీపురు చేతబట్టుకుని వారి మాటలు విని, కేసును తేల్చారు. దానితో ఆ నగర పోలీసు శాఖలో తొలి మహిళా డిటెక్టివ్ అయ్యారు.

ఈ నవలలకు ప్రాణం కూడా అక్కడే ఉంది. వలసదారులు కిక్కిరిసి బతికే లోయర్ ఈస్ట్ సైడ్ అద్దె ఇళ్ళలో యూనిఫాం కనిపించగానే నోళ్ళు మూతపడేవి. దానికి కారణం అమాయకత్వం కాదు. నగర పోలీసులు లంచాలకూ మామూళ్ళకూ ఎంతగా అలవాటు పడ్డారో 1894లో లెక్సో విచారణ సంఘం బయటపెట్టింది కనుక, ఆ జనం పోలీసులను దూరం పెట్టడం లోకజ్ఞానమే. అదే ఇంట్లోకి మంత్రసాని, నర్సు, కుట్టుపని చేసే పిల్ల, గదిలో ఒక మూల అద్దెకు తీసుకున్న యువతి ఏ అడ్డూ లేకుండా వెళ్ళగలిగేవారు. పేదల ఇళ్ళకే వెళ్ళి రోగులను చూసేందుకు 1893లో లిలియన్ వాల్డ్ అనే నర్సు ప్రారంభించిన సేవలో పనిచేసిన నర్సులు, మెట్లన్నీ దిగి ఎక్కే శ్రమ తప్పించుకోవడానికి, ఒక భవనం పైకప్పు మీది నుంచి పక్క భవనం పైకప్పు మీదికి దాటి రోగుల దగ్గరకు వెళ్ళేవారు. డిటెక్టివ్ కథకు ఇంతకన్నా మంచి దారి ఏముంటుంది?

అందువల్ల ఇటువంటి నవల చేతికి వచ్చినప్పుడు నేను చూసేది ఒక్కటే: ఆ స్త్రీ ఎక్కడికి వెళ్ళగలదు, ఎక్కడికి వెళ్ళలేదు అన్నది రచయిత తేల్చుకున్నారా, లేదా? ఆమె లోపలికి వెళ్ళడానికి ఒక కారణం ఉండాలి, వెళ్ళినందుకు ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. ఆ నష్టం ఒక రోజు కూలి కావచ్చు, ఉంటున్న గది కావచ్చు, ఇరుగుపొరుగులో మంచి పేరు కావచ్చు. అందగాడైన పోలీసు కెప్టెన్‌తో స్నేహం కుదరగానే నాయికకు శవాగారం తలుపులు కూడా తెరుచుకునే నవలలు చాలానే ఉన్నాయి. వాటిలో గౌనులూ గుర్రపు బళ్ళూ తప్ప చరిత్ర కనిపించదు.

ప్రశ్న: ఓడల్లో వచ్చిన వలసదారులను తనిఖీ చేసే న్యూయార్క్ రేవు దీవి ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారులు వారి పేర్లు మార్చేసేవారనీ, దానివల్ల ఒక మనిషి ఆచూకీ పోయిందనీ ఒక నవలలో చదివాను. ఇది నిజమేనా?

జవాబు: కాదు. ఓడ బయలుదేరిన రేవులో తయారైన ప్రయాణికుల జాబితాను ముందు పెట్టుకునే అక్కడి గుమాస్తాలు ప్రశ్నలు వేసేవారు. దుబాసీలు కూడా ఉండేవారు. చాలామంది తమ పేర్లను తరువాత, ఉద్యోగం కోసమో, పలకడానికి సులువుగా ఉంటుందనో తామే మార్చుకున్నారు.

ఆ దీవిలో రచయితలకు పనికివచ్చే నియమం మరొకటి ఉంది. ఒంటరిగా వచ్చిన స్త్రీని బంధువో, కాబోయే భర్తో వచ్చి తీసుకువెళ్ళేదాకా బయటికి పంపేవారు కారు. కొందరికి అక్కడే పెళ్ళిళ్ళు కూడా జరిగాయి. తీసుకువెళ్ళడానికి వచ్చినవాడు తాను చెప్పుకున్న మనిషి కాకపోతే ఏమవుతుంది? ఒక నవలకు ఆ ప్రశ్న చాలు. తేదీల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 1892 జనవరి 1న తెరిచిన మొదటి చెక్క భవనం 1897 జూన్‌లో కాలిపోయింది, కొత్తది 1900 డిసెంబరులో మొదలైంది. ఆ మధ్యకాలంలో తనిఖీలు ప్రధానంగా మాన్‌హట్టన్ కొసన ఉన్న బార్జ్ ఆఫీసులో జరిగాయి. కాబట్టి 1899లో ఎల్లిస్ ఐలాండ్ హాలులో వరుసలో నిలబడిన నాయికను నమ్మకండి.

ప్రశ్న: ఐరిష్ యువతి ఇటాలియన్ల ఇళ్ళకూ యూదుల ఇళ్ళకూ వెళ్ళి అందరినీ ప్రశ్నిస్తుంది, అందరూ చక్కగా జవాబులు చెబుతారు. ఏ భాషలో?

జవాబు: మీరు అడిగింది ఈ నవలల బలహీనమైన చోటు. ఐరిష్ మూలాలవారు ఎక్కువగా ఉన్న పోలీసు శాఖకు కూడా ఇదే చిక్కు ఎదురయ్యింది. ఇటలీ నుంచి వలస వచ్చిన జోసెఫ్ పెట్రొసీనో నాయకత్వంలో ఇటాలియన్ మాట్లాడగలిగిన అధికారులతో ప్రత్యేక దళం ఏర్పాటు చేయడానికి అది ముఖ్య కారణం. నేరస్థుల వివరాల కోసం సిసిలీకి వెళ్ళిన ఆయనను 1909 మార్చిలో పలెర్మోలో కాల్చి చంపారు.

నాయికకు ఆ భాష రాకపోతే, బడికి వెళ్ళే పిల్లలు దుబాసీలు కావాలి, వాళ్ళు తల్లిదండ్రులకు ఇబ్బంది కలిగించే మాటను మింగేయాలి. అప్పుడు కథ రక్తి కడుతుంది. పత్రికలు మరో ఆధారం. తూర్పు యూరప్ యూదుల భాష అయిన యిద్దిష్‌లో వచ్చే దినపత్రిక ‘ఫోర్వర్ట్స్’లో 1906లో సంపాదకుడు అబ్రహామ్ కాహన్ పాఠకుల ఉత్తరాలకు జవాబులిచ్చే శీర్షికను ప్రారంభించారు (మన శీర్షికకు దూరపు బంధువే అనుకోవచ్చు). భార్యాపిల్లలను వదిలి మాయమైన భర్తల ఫొటోలను కూడా ఆ పత్రిక వేసేది. ఆ భాష చదవగలిగిన స్త్రీకి అది ఊరి రహస్యాల చిట్టా.

ప్రశ్న: ఇటువంటి నవల ఒకటి తెలుగులో రాయాలని ఉంది. ఏ సంవత్సరంలో పెడితే బాగుంటుంది?

జవాబు: హత్య ఎలా జరిగిందో ముందు నిర్ణయించుకోండి, సంవత్సరం దానంతటదే తేలుతుంది. సహజ మరణంగా కొట్టిపారేసిన విషప్రయోగం అయితే 1918కి ముందు పెట్టండి. అంతవరకూ నగరంలో మరణ కారణాన్ని తేల్చే కరోనర్లు ఎన్నికల్లో గెలిచి వచ్చేవారు, వైద్యులై ఉండవలసిన నియమం లేదు. వేలిముద్ర మీద కథ నడిపించాలంటే, న్యూయార్క్ న్యాయస్థానంలో అదే ప్రధాన సాక్ష్యంగా ఒక దొంగకు శిక్ష పడిన 1911 దగ్గరలో ఉండండి. హంతకుడు భూగర్భ రైలులో పారిపోతే అది 1904 అక్టోబరు తరువాతే కావాలి.

కుట్టు కర్మాగారం మీద మనసు పడితే 1911 మార్చి 25 మీకు ఎదురవుతుంది. ఆ రోజు ట్రయాంగిల్ కర్మాగారంలో చెలరేగిన మంటల్లో 146 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస యువతులు. బయటికి వెళ్ళే తలుపు ఒకటి తాళం వేసి ఉందని బతికినవారు సాక్ష్యం చెప్పినా, ఆ సమయంలో తాళం ఉన్న సంగతి యజమానులకు తెలుసునని రుజువు కాలేదంటూ డిసెంబరులో జ్యూరీ వారిని నిర్దోషులుగా వదిలేసింది. ఈ సంఘటన మధ్యలో ఒక కల్పిత హంతకుణ్ణి తెచ్చి పెట్టవద్దని నా సలహా. అలా చేస్తే నేరం ఆ ఒక్కడి మీదికి పోతుంది, తాళం సంగతి పాఠకుడు మరిచిపోతాడు. దానికి బదులు, మీ నాయికను ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదో కనుక్కునే పనిలో పెట్టండి.