మా అబ్బాయి మ్యాచ్‌లో పాయింట్లు కొట్టడు, స్క్రీన్లే పెడతాడు. టీమ్‌లో వాడికి విలువ ఉన్నట్టా?

మీ అబ్బాయి కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఉన్నాడనీ, కోర్టులో ఎక్కువసేపే ఉంటాడు గానీ మ్యాచ్‌కి రెండో నాలుగో పాయింట్లకు మించి రావడం లేదనీ, కోచ్ మాత్రం "నీ పని స్క్రీన్ (మన షూటర్‌ని కాచుకునే ఎదుటి ఆటగాడి దారికి అడ్డంగా నిలబడటం), డిఫెన్స్" అంటున్నారనీ రాశారు. వేరేవాళ్లకు పేరు రావడానికి మీవాణ్ణి వాడుకుంటున్నారేమో అన్నది మీ అనుమానం. ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు నేను ఆడింది సరిగ్గా ఆ పనే. మా నాన్నకూ ఇదే అనుమానం వచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు స్కోర్ షీట్ సంగతి. మన టోర్నమెంట్లలో టేబుల్ దగ్గర నింపే షీట్ ఎప్పుడైనా దగ్గరగా చూడండి. ఆటగాడి పేరు పక్కన గళ్లలో రాసేది ఫౌళ్లు. రన్నింగ్ స్కోర్‌లో పాయింటు కొట్టినవాడి నంబరు. టీమ్ తీసుకున్న టైమౌట్లు. ఆట గురించి అందులో ఉండేది దాదాపు అంతే. రీబౌండ్ (షాట్ మిస్సయి వెనక్కి వచ్చే బంతి) ఎవరు పట్టారో, పాస్ ఎవరిచ్చారో కూడా ఉండదు, ఇక స్క్రీన్ ఎక్కడినుంచి వస్తుంది? నేను ఆడిన మ్యాచ్‌ల షీట్లు తీసి చూస్తే నా నంబరుకు ఎదురుగా నాలుగు ఫౌళ్లు, రెండు పాయింట్లు కనిపిస్తాయి. ఆట చూడకుండా ఆ కాగితం ఒక్కటే చదివినవాళ్లు, వీణ్ణి ఎందుకు ఆడించారని అడుగుతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఆ కాగితం అడిగేదే అంత.

మా కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు విడిగా ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టేవారు. బెంచి మీద కూర్చున్న జూనియర్ కుర్రాడి చేత రాయించేవారు. ఎవరి స్క్రీన్ వల్ల షూటర్‌కి ఖాళీ దొరికింది, ఎవరు బాక్స్ అవుట్ చేశారు (అంటే ఎదుటివాణ్ణి రీబౌండ్‌కి రాకుండా వీపుతో ఆపారు), ఎవరి చెయ్యి తగిలి ఎదుటివాళ్ల పాస్ దారి తప్పింది, కింద దొర్లే బంతి మీద ఎవరు పడ్డారు. మ్యాచ్ అయ్యాక, గెలిచినా ఓడినా, ఆ లెక్క అందరి ముందూ చదివేవారు. మా కెప్టెన్ ఇరవై పాయింట్లు కొట్టిన రోజు కూడా ముందు చదివేది ఆ పుస్తకమే. నేను నాలుగేళ్లు ఆ పని ఇష్టంగా చేశానంటే సగం కారణం అదే.

స్క్రీన్ అంటే ఊరికే అడ్డం నిలబడటం కాదు. మన షూటర్‌ని కాచుకునేవాడు ఏ దారిన వస్తాడో ముందే పసిగట్టి, ఆ దారిలో రెండు కాళ్లూ ఆనించి, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని, వాడొచ్చి గుద్దినా కదలకుండా ఉండాలి. పక్కకి జరిగి తగిలితే ఫౌల్. తొందరపడి పెడితే డిఫెండర్ చుట్టూ తిరిగి వెళ్లిపోతాడు, ఆలస్యమైతే షూటర్ అప్పటికే దాటిపోతాడు. అంతా సరిగ్గా కుదిరితే షూటర్‌కి దొరికేది అర సెకను. మా కెప్టెన్ షాట్లన్నీ ఆ అర సెకన్లలోనే పడ్డాయి.

బాక్స్ అవుట్ ఇంకా కనపడని పని. మూడో సంవత్సరం ఇంటర్ కాలేజియేట్ సెమీఫైనల్‌లో అవతలి సెంటర్, అంటే బోర్డు దగ్గర ఆడేవాడు, ఆరడుగుల నాలుగంగుళాలు. నేను ఐదడుగుల పదంగుళాలు. ఎగిరి వాడితో పోటీపడితే రీబౌండ్ నాకు ఎన్నటికీ రాదు. షాట్ లేవగానే బంతి వైపు చూడకుండా వాడు ఎక్కడున్నాడో చూసుకుని, వాడికి వీపు పెట్టి, నడుము వంచి, వాణ్ణి బోర్డుకి దూరంగా ఆపి ఉంచడమే నా పని. బంతి వచ్చి మా గార్డు చేతిలో పడేది. ఆ రోజు నాకు వచ్చిన రీబౌండ్లు సున్నా. మూడో క్వార్టర్‌లో నాలుగో ఫౌల్ పడి నేను బెంచి మీదకు వెళ్లేటప్పటికి మేం తొమ్మిది పాయింట్లు ముందున్నాం. ఐదు నిమిషాల్లో ఆ తేడా రెండుకి దిగింది. ఆ సెంటర్ వాళ్లవాళ్లు మిస్సయిన బంతులే పట్టి మళ్లీ మళ్లీ వేశాడు. ఒక్క మ్యాచ్‌లో ఐదు నిమిషాలు చూసి అంతా నా వల్లేనని చెప్పడం సరికాదు. మా షూటర్లు అలిసిపోయి కూడా ఉన్నారు. కానీ నన్ను మళ్లీ లోపలికి పంపాక ఆ రెండో ఛాన్స్ బాస్కెట్లు ఆగిపోయాయి, అది మాత్రం నా కళ్లతో చూశాను.

పెద్ద ఆటల్లోనూ ఇదే. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 1993 ఫైనల్స్ ఆరో మ్యాచ్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, మీ అబ్బాయితో కూర్చుని చివరి నిమిషం చూడండి. షికాగో బుల్స్ 96, ఫీనిక్స్ సన్స్ 98. ఆ ఆఖరి క్వార్టర్‌లో అప్పటిదాకా బుల్స్ కొట్టిన పాయింట్లన్నీ మైకేల్ జోర్డాన్‌వే. అందరి కళ్లూ అతని మీదే. బంతి జోర్డాన్ నుంచి సహచరుడు పిపెన్‌కి, పిపెన్ నుంచి లోపల బోర్డు పక్కన ఉన్న హొరేస్ గ్రాంట్‌కి వెళ్లింది. గ్రాంట్ తానే వేద్దామని చూడలేదు. బయట ఖాళీగా నిలబడ్డ జాన్ పాక్సన్‌కి తిప్పి ఇచ్చాడు. 3.9 సెకన్లు ఉండగా పాక్సన్ త్రీ పాయింటర్ పడింది, 99-98. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాత సన్స్ ఆటగాడు కెవిన్ జాన్సన్ వేసిన ఆఖరి షాట్‌ని బ్లాక్ చేసిందీ గ్రాంటే. అది చేయకపోతే పాక్సన్ షాట్ గురించి ఇవాళ ఎవరూ మాట్లాడేవారు కాదు.

నాకు బాగా ఇష్టమైన ఆటగాడు షేన్ బాటియే. హ్యూస్టన్ రాకెట్స్‌లో ఉన్నప్పుడు లేకర్స్ స్టార్ కోబీ బ్రయంట్‌ని కాచుకోవడం అతని పని. బంతిని బ్లాక్ చేద్దామని ఎగబడేవాడు కాదు. ఏ చోటు నుంచి వేస్తే కోబీకి తక్కువ పడతాయో లెక్కలు చదువుకుని వచ్చి, అటువైపే నెట్టి, షాట్ వేసేటప్పుడు కళ్లకు అడ్డంగా చెయ్యి పెట్టేవాడు. కోబీ షాట్ తప్పితే షీట్‌లో కోబీ మిస్ అనే రాస్తారు, బాటియే పేరు రాదు. అదే బాటియే 2013లో మయామీ హీట్ టీమ్ తరఫున ప్లేఆఫ్స్‌లో షాట్లు పడక బెంచి మీద కూర్చోవాల్సి వచ్చింది. ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో మాత్రం ఆరు త్రీలు కొట్టాడు, 18 పాయింట్లు, కప్పు వాళ్లదే. పాక్సన్ షాట్ పడిన జూన్ 20 నాడే, సరిగ్గా ఇరవై ఏళ్లకు.

ఎన్‌బీఏ 2016 నుంచి స్క్రీన్ అసిస్టులు (షాట్ పడేలా చేసిన స్క్రీన్లు), డిఫ్లెక్షన్లు (చెయ్యి తగిలించి దారి తప్పించిన బంతులు), లూజ్ బాల్స్ (ఎవరి చేతిలోనూ లేకుండా దొర్లే బంతులు పట్టడం), తీసుకున్న చార్జ్‌లు (దూసుకొచ్చేవాడి చేత గుద్దించుకుని రాబట్టిన ఫౌళ్లు) లెక్కపెట్టి బయటపెడుతోంది. అంత డబ్బున్న లీగ్‌కే ఇన్నేళ్లు పట్టింది.

ఇక మీకు నచ్చని మాట కూడా చెప్పాలి. సెలక్షన్స్‌లో ఈ పని చూసేవాళ్లు తక్కువ. ఒకసారి నేను వెళ్లిన సెలక్షన్‌లో ఒకరికొకరు పరిచయం లేని పదిమందిని రెండు టీమ్‌లుగా చేసి పదిహేను నిమిషాలు ఆడించారు. అలాంటి చోట ఎవడికి వాడు షాట్ వేస్తాడు. నేను స్క్రీన్ పెడితే దాన్ని వాడుకునేవాడే లేడు. పేరు రాలేదు. చాలా రోజులు బాధపడ్డాను. ఇప్పటికీ ఆ పద్ధతి తప్పేనంటాను. టీమ్ ఎంచుకునేటప్పుడు కనీసం ఒకరోజు ముందు కలిసి ప్రాక్టీస్ చేయించి చూడాలి.

అందుకే మీవాడు ఒక్క షాట్ మాత్రం సొంతం చేసుకోవాలి. నా సలహా కార్నర్ త్రీ, అంటే కోర్టు మూల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంస్థ ఫీబా కొలతల కోర్టులో ఆర్క్ (త్రీ పాయింట్ గీత) దూరం 6.75 మీటర్లయితే మూలల్లో 6.60 మీటర్లే. పైగా షూటర్ దగ్గరకు ఇద్దరు డిఫెండర్లు వెళ్లినప్పుడు ఖాళీగా మిగిలేది తరచుగా ఆ మూలే. రోజూ ప్రాక్టీస్ అయ్యాక రెండు మూలల నుంచీ యాభై యాభై వేయమనండి. ఆ షాట్ పడుతుందని తెలిస్తే డిఫెండర్ మీవాణ్ణి వదిలి పోలేడు, అప్పుడు లోపల మీ టీమ్‌కి చోటు దొరుకుతుంది. నేను ఆ షాట్ నేర్చుకోవడంలో రెండేళ్లు ఆలస్యం చేశాను. కోచ్‌ని కూడా ఒకసారి మర్యాదగా అడగండి, మీవాడు బాగా చేస్తున్నది ఏమిటని. వెంటనే రెండు మూడు విషయాలు చెప్పగలిగితే ఆయన మీవాణ్ణి గమనిస్తున్నట్టే. చెప్పలేకపోతే మీ అనుమానంలో నిజం ఉండొచ్చు.

ఇంకొకటి మీరే చేయొచ్చు. మా నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. లారీకి బస్తాలు ఎక్కుతుంటే గీతలు గీసి లెక్క రాసేవారు, నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఐదోది అడ్డం. మొదటిసారి నా ఆట చూడటానికి వచ్చిన రోజు "ఎన్ని కొట్టావురా?" అన్నారు. రెండన్నాను. బస్టాండు దాకా మళ్లీ మాట్లాడలేదు. మరుసటి ఏడు ఆయన వచ్చినప్పుడు పీడీ గారు పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ నోట్‌బుక్ ఆయన చేతికిచ్చి, "ఇవాళ మీవాడి లెక్క మీరే రాయండి. బంతిని చూడకండి, మీవాణ్ణే చూడండి. వాడు అడ్డం నిలబడ్డాక మనవాడికి ఖాళీ దొరికితే ఒక గీత" అన్నారు. మ్యాచ్ అయ్యేసరికి మూడు ఐదులు, పక్కన రెండు గీతలు ఉన్నాయి. ఆ రోజు నాకు పాయింట్లేమీ రాలేదు. ఎన్ని కొట్టావని నాన్న అడగలేదు. రాత్రి అన్నాలు తింటుండగా, "ఆ నల్ల బనీను కుర్రాడు అంత గట్టిగా వచ్చి గుద్దాడే, నొప్పి పుట్టలేదా?" అన్నారు.