ఫ్లూ తగ్గాక కాళ్లలో పట్టు తప్పితే అది నీరసమేనా?

ఫ్లూ తగ్గిన పది రోజులకు మీ నాన్నగారికి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయని, మెట్లు ఎక్కలేకపోతున్నారని రాశారు. జ్వరం నీరసమేనా అని అడిగారు. దయచేసి రేపటిదాకా ఆగకండి. న్యూరాలజిస్టు, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి ఈ రోజే తీసుకెళ్లండి.

మా అమ్మకూ ఇలాగే మొదలైంది. జ్వరం పోయింది, అన్నం సయిస్తోంది, కోలుకున్నట్టే అనుకున్నాం. ఒక ఉదయం పెరట్లోంచి ఒంటి చెప్పుతో లోపలికి వచ్చింది. రెండోది కాలి నుంచి జారిన సంగతి ఆమెకు తెలియనే లేదు. చెప్పు వెతికి తెచ్చాం గాని, ఎందుకు జారిందని ఆలోచించలేదు. బలానికి ఇంజక్షన్లు, సెలైన్లు అంటూ రెండు రోజులు గడిచిపోయాయి. ఆ రెండు రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధే. మూడో రోజు పీట మీద నుంచి లేవలేకపోయింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద తట్టారు. కాలు కదల్లేదు. నరాల పరీక్ష, వెన్ను నీటి పరీక్ష చేసి గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. 2025 మొదట్లో పుణెలో కేసులు పెరిగినప్పుడు పత్రికలు జీబీఎస్ అని రాసింది దీని గురించే. వైరస్‌పై పోరాడిన రోగనిరోధక శక్తి పొరబాటున మన నరాలనే దెబ్బతీస్తుంది. అందుకే జ్వరం తగ్గాక బయటపడుతుంది. సాధారణంగా పాదాల్లో మొదలై పైకి పాకుతుంది. భయమంతా అది ఊపిరి కండరాలను చేరుతుందనే.

ఆ సాయంత్రం అమ్మను ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమన్నారు. 22 దాకా చెప్పింది. తెల్లవారుజామున 11 దగ్గరే ఆగిపోయింది. వెంటనే వెంటిలేటర్ పెట్టారు. ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, ఐదు రోజులు ఎక్కించారు. కొందరికి దాని బదులు ప్లాస్మా మార్పిడి, అంటే రక్తంలోని ద్రవాన్ని తీసి మార్చడం, చేస్తారు. స్టెరాయిడ్లు దీనికి పనిచేయవని అప్పుడే తెలిసింది. తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. నాలుగో నెలలో గోడ పట్టుకోకుండా వంటింటిదాకా నడిచింది.

మీ నాన్నగారిది ఇదేనని నేను అనడం లేదు, తేల్చాల్సింది డాక్టర్లే. ఫ్లూ రిపోర్టు, ఆరోగ్యశ్రీ కార్డు వెంట ఉంచుకోండి. తిమ్మిర్లు ఏ రోజు మొదలయ్యాయో, ఎంతవరకు పాకాయో రాసి పెట్టుకోండి. ఈలోగా నీళ్లు మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి అందకపోయినా కారు కోసం చూడకుండా 108కు ఫోను చేయండి.